పక్క వాటా సైకిలాయన

లావు చక్రాల సైకిల్ భుజాన వేసుకుని పక్క వాటా ఆయన మెట్లెక్కుతున్నాడు.

వెంకటరత్నమ్మ దారికి అడ్డంగా నిలబడింది.

"ఏటి క్యా జా బాబూ, బేరాలొచ్చాయా?"

"ఇంకా రాలేదు ఆంటీ."

రంగూన్‌లో, మింగళ తౌంగ్‌న్యున్ పేటలోని ఆ ఇంట్లో అతను దిగి రెండు నెలలయింది. తలుపు మీద ఒక బొమ్మ అంటించాడు. పెద్ద సరస్సు, ఒడ్డున మూడు అగ్నిపర్వతాలు, వాటి నడుమ సన్నటి దారి. గ్వాటెమాలా కొండల్లో సైకిల్ యాత్రలకు మనుషుల్ని పంపుతాడట.

సైన్యం గద్దెనెక్కాక వీధి చివరిదాకా పోవడమే గండంగా ఉంది. కరోనా వల్ల విమానాలు కూడా లేవు.

"అంత దూరం ఎవులెల్తారు బాబూ?"

"దారులు తెరిచాక వెళ్తారు. అకతెనాంగో కొండ మీంచి చూస్తే, ఎదుటి కొండ నిప్పులు కక్కుతుంటుంది. కింద ఊళ్లలో మాయా తెగ ఆడవాళ్లు మన కరెన్ తెగవాళ్లలాగే మగ్గం నడుముకు కట్టుకుని నేస్తారు. మీరూ రండి."

"నాను సైకిలెక్కితే ఆ కొండే పారిపోద్ది!"

అతను నవ్వుకుంటూ లోపలికి పోయాడు.

కింది వాటా నాగదేవి గుసగుసలాడింది. "ఆడ్ని నమ్మీకు వొదినా. బేరం నేని కొట్టెట్టి కూకున్నాడంటే దలానే. మన మాటలు సైన్యానికి మోస్తాడు."

ఆ రోజు నుంచి వెంకటరత్నమ్మ అతనితో మాట మానేసింది.

జూలైలో ఆమె భర్త బుల్లియ్యకు జ్వరం తగిలింది. నాలుగో రోజుకి ఊపిరి సరిగా అందడం లేదు.

ఆమె ఊరంతా తిరిగింది. సైన్యానికి ఎదురుతిరిగి సమ్మె చేసిన డాక్టర్లందరూ దాక్కున్నారు. రోగి ఉన్నాడని కబురు పెట్టి, వచ్చిన డాక్టర్ని సైనికులు పట్టుకుపోతున్నారు. ఆమె తట్టిన ఏ తలుపూ తెరుచుకోలేదు.

మందుల కొట్టాయన ఆమె వైపు కూడా చూడలేదు. "డాక్టర్లెక్కడున్నారో నాకేం తెలుసమ్మా?"

ఇంటికొచ్చేసరికి క్యా జా గుమ్మంలో ఉన్నాడు.

"అంకుల్ దగ్గు గోడ అవతలికి వినిపిస్తోంది. ఒక్కసారి చూడనా?"

"నువ్వు సూసి ఏటి సేస్తావు? సైకిలెక్కిస్తావా?"

"కొండ మీద ఊపిరాడని వాళ్లని చాలామందిని చూశాను. బోర్లా పడుకోబెట్టండి. గోళ్లు నీలంగా ఉన్నాయా?"

"డాక్టర్ని దాసేనేమోనని సూడ్డానికొచ్చావా? ఇక్కడెవులూ నేరు. ఎల్లు!"

అతను ఏదో చెప్పబోయాడు. వీధిలో సైన్యం బండి ఆగిన చప్పుడైంది. గోడ వారకు జరిగాడు.

బండి వెళ్లిపోయాక మెల్లిగా అన్నాడు. "ఆక్సిజన్ దొరికితే తెస్తాను."

సైకిల్ దించుకుని వెళ్లాడు.

నాగదేవి పైకి పరిగెత్తుకొచ్చింది. "ఎలిపోయాడా? ఇంక సైన్యాన్ని ఎంటేసుకొస్తాడు. గడియెయ్యి!"

వెంకటరత్నమ్మ గడియ వేసి, బియ్యం డబ్బా అడ్డం పెట్టింది.

మంచం మీంచి బుల్లియ్య అన్నాడు. "ఆ బాబు... మంచోడిలాగున్నాడే."

"ఊరుకో. మాటాడితే ఆయాసమొస్తాది."

నమ్మకం లేకపోయినా భర్తను బోర్లా తిప్పింది. ఊపిరి కాస్త తేలికపడింది. "అమ్మయ్య" అనుకుంది.

ఆ తేలిక మధ్యాహ్నం దాకా నిలిచింది. సాయంత్రానికి బుల్లియ్య పోయాడు.

సైన్యం రాలేదు. సైకిలాయనా రాలేదు.

మూడో రోజు నాగదేవి ఇంట్లో టీవీ మోగుతోంది. పట్టుబడినవాళ్ల ఫొటోలు ఒక్కొక్కటే చూపిస్తున్నారు.

"వొదినా, ఇలారా! మన సైకిలోడు!"

ముఖం వాచి ఉంది. మింగళాడోన్ దారిలో, సైకిల్‌కి ఆక్సిజన్ సిలిండర్ కట్టుకుని వస్తూ దొరికాడట.

ఫొటో కింద పేరు క్యా జా కాదు. ఆ కొత్త పేరుకు ముందు, ఊపిరితిత్తుల డాక్టర్ అని రాసి ఉంది.