పేరు చెబితేనే తలుపు

హ్యాకర్లు ఊరందరి ముఖాలూ గొంతులూ దొంగిలించి, అచ్చుపోసి తొడుక్కు తిరుగుతున్నారని ప్రభుత్వం ఆ మధ్యాహ్నం ఇళ్లన్నిటికీ తాళం వేసేసింది. తెలిసిన మనిషి ఎదుట నిలబడి సాక్ష్యం చెబితేనే వార్డు ఉద్యోగి తలుపు తీస్తాడు. చీకటిపడేలోగా సాక్షి దొరకనివాళ్లు శిబిరానికి వెళ్లాలి.

నేను కాకినాడకు కాపురానికొచ్చి వారమైనా కాలేదు. మా ఆయన వంశీధర్ ఓడరేవులో డ్యూటీలో ఉన్నారు. ఆయనకిష్టమని కొన్న పనసపొట్టు సంచిలో వాడిపోతోంది. మేడ మీద మా గుమ్మం ముందు అటూ ఇటూ తిరుగుతున్నాను.

ఎదురింటి మాణిక్యాంబ గారు నన్ను ఎగాదిగా చూశారు.

"దొంగల్ని పట్టుకోవడం చేతగాక మన గుమ్మాలకి తాళాలేశారు! చూసిన ముఖమేనమ్మా, కానీ నమ్మేదెలా?"

"మా గృహప్రవేశానికి వచ్చారు కదా పిన్నిగారూ!"

"వచ్చా. ఆడపడుచు అడ్డం నిలబడి మొగుడి పేరు చెప్పమంటే, ఆ పిల్ల ఒక పట్టాన చెప్పలేదు. ఏదీ, నువ్వు చెప్పు."

కింద శిబిరం వ్యాన్ ఆగింది.

"మా ఆయన వంశీ..." అనగానే అంత భయంలోనూ నవ్వొచ్చేసింది. చున్నీ నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"ఆ రోజూ సగం పేరుకే ఇలా నవ్వింది. తియ్యి నాయనా, మా పిల్లే!" అన్నారావిడ, తాళంచెవితో నిలబడ్డ వార్డు ఉద్యోగితో.

తలుపు తెరుచుకుంది. పొద్దు వాలిపోతోంది, వంశీ ఇంకా రాలేదు. ఆయనకు సాక్షిని నేనే. పనసపొట్టు పొయ్యి మీద పడేసి, గుమ్మంలో అడ్డంగా కూర్చున్నాను. నా పేరు చెప్పకుండా రానిస్తానా?