కేబుల్ కొస

మర్నాడు పొద్దున్నే అక్క, ఇంటినుంచే పనిచేసే కొత్త ఉద్యోగంలో చేరాలి. అందుకే ఆ రాత్రి, తాము బాగుచేయించుకుంటున్న పాత ఇంట్లో, మేడమీద, గోడలోంచి కిందికి దిగే గొట్టంలోకి నెట్ కేబుల్ తోసింది. కింద తమ్ముడు అందుకోవాలి.

"ఏరా, వచ్చిందా?"

"ఎక్కడ! జాడే లేదక్కా."

వెనక్కి లాగింది. కొస అంతా నమిలి ఉంది. గోరువెచ్చని చొంగ తీగలా సాగి వేళ్లకు అంటుకుంది. పాచినోటి కంపు.

"ఛీ! ఎలకలురా."

తమ్ముడు పైకొచ్చి చూశాడు. నమిలినచోట పుచ్చిన పన్నొకటి దిగబడి ఉంది. మనిషి దవడపన్ను.

"సిమెంటు కలుపుకొస్తా. అందాకా మూసిపట్టుకో!" అంటూ కిందికి పరిగెత్తాడు.

ఆమె ముక్కు మూసుకుని, అరచేతిని గొట్టానికి అదిమింది. లోపల ఎవరో గుటక వేశారు. తర్వాత మెత్తటి నాలుకొకటి తీరిగ్గా ఆమె వేళ్లసందులు నాకసాగింది.