ఇటుకల కబురు

దొరబాబు పోయిన రోజున భోజనాల బల్ల మీద సగం కట్టిన కారు మిగిలింది. పాత ఫియట్ కారు నమూనా. గోరంతేసి ప్లాస్టిక్ ఇటుకలను ఒకదానిలో ఒకటి బిగించి కట్టేది. మిగతా సగం తనే కట్టాలని ఆయన భార్య నాగదుర్గ పట్టుబట్టి కూర్చుంది. ఏడో మాసికం అయిన మర్నాడు, రాజమహేంద్రవరంలోని ఆ ఇంటి గేటు దభాలున తెరుచుకుంది.

వచ్చింది దొరబాబు అక్క శ్యామలాంబ. మొగల్తూరు నుంచి బస్సులు మారి వచ్చింది. చెప్పులైనా విప్పలేదు.

“ఏమే దుర్గా, ఏడాది తిరక్కుండా ఇల్లు కడతావా? మా తమ్ముడి ఏటిసూతకం అంటే లెక్కే లేదా నీకు?”

“ఇల్లేంటండి వదినగారూ?”

“దబాయించకు. మీ పక్కింటి రామతులసి ఫోన్లో చెప్పింది. ఇటుకలు తక్కువొస్తే తెప్పించావంట. ఇంకెంతో లేదు, కట్టడం అయిపోవచ్చిందన్నావంట. ఎక్కడ కడుతున్నావు? పెరట్లోనా, మేడ మీదా?”

నాగదుర్గకు అప్పుడు అర్థమైంది. ఆమెను లోపలికి తీసుకెళ్లి బల్ల చూపించింది.

“ఇవేనండి ఇటుకలు.”

శ్యామలాంబ ఒక ఇటుక తీసి అరచేతిలో పెట్టుకుంది.

“వీటితో చీమక్కూడా గది రాదు కదే!” అంటూ కుర్చీలో కూలబడింది. “అమ్మయ్య! దారంతా ఎన్ని దణ్ణాలు పెట్టుకున్నానో. కాసిని మంచినీళ్లియ్యి.”

నీళ్లు తాగాక కారు వైపు వంగి చూసింది.

“వాడు కట్టిందెంత?”

“ముందు భాగమంతా ఆయనేనండి. వెనక సీటు నుంచి నేను.”

“నీ వైపు కాస్త వంకరొచ్చింది.”

“వంకర ఆయన వైపేనండి.”

శ్యామలాంబ నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఇంకేం మిగిలింది?”

“ఒక్క చక్రం. అది పెడితే అయిపోయినట్టేనండి.”

శ్యామలాంబ ముఖం మళ్లీ మారింది.

“ఆగాగు. అయితే ఇది బండి కదా?”

“బొమ్మ బండండి.”

“బొమ్మైనా బండే. ఏడాదిలోపు ఇంట్లోకి కొత్త బండి రాకూడదు.”

నాగదుర్గ చెయ్యి కారు మీద పడింది. “విప్పెయ్యమంటారా?”

“విప్పడమేంటే, వాడు కట్టింది!” శ్యామలాంబ గదమాయించింది. కాస్త ఆలోచించింది. “మూడు చక్రాలుంటే కారనరు. అలాగే ఉండనీ.”

నాలుగో చక్రం తీసి కొంగున ముడేసుకుంది. “సంవత్సరీకం అయ్యాక నేనే తెచ్చిస్తాను. నిమ్మకాయలు తొక్కించి మరీ పెడదాం.”

“దీనికి నిమ్మకాయలెందుకండి, నాలుగు మిరియాలు చాలు.”

ఈసారి శ్యామలాంబ నవ్వేసింది. చెప్పులు విప్పి గుమ్మం పక్కన పెట్టి, “అన్నం ఉందా?” అంది.

నాగదుర్గ వంటింట్లోకి వెళ్లి, గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకుంది. పది రోజులుగా తనే బిగించి, తనే ఊడదీస్తున్న ఆ చక్రాన్ని ఇంకో అయిదు నెలల దాకా పెట్టక్కర్లేదు.