తాడుకి అవతలి చెయ్యి

“కూకో మామ్మా! అందరూ సూస్తన్నారు.”

“అందరూ కళ్ళు మూసుకుంటే నన్నెవులు సూస్తారే?”

రాజులమ్మ మోకాళ్ళ మీద లేచి, పందిరి మధ్య కట్టిన తాడు మీదుగా మగవాళ్ళ వైపు మెడ సాచింది. మనవరాలు కొండలమ్మ సిగ్గుతో ఓణీ ముఖానికి కప్పుకుంది.

నర్సీపట్నం సువార్త సభలకి అది మూడోరోజు, ఆఖరి సాయంత్రం. ప్రసంగం అయ్యాక పాస్టరు అయ్యగారు అందరినీ కళ్ళు మూసుకోమంటారు. రక్షణ కావాలని, యేసుని నమ్ముకుంటామని అనుకున్నవాళ్ళు చెయ్యి ఎత్తాలి. మొహమాటం లేకుండా ఉండాలని ఆ ఏర్పాటు. ఆరేళ్ళుగా ఆ సమయంలో రాజులమ్మ కళ్ళు మూసిందీ లేదు, తన చెయ్యి ఎత్తిందీ లేదు. మొగుడు సింగన్న చెయ్యి ఎత్తకుండానే పోతాడేమోనని ఆమె బెంగ.

ఈసారి మొదటిరోజు ఆమెకి చూసే వీలు లేకపోయింది. సింగన్నని ముందు బస్సు ఎక్కించి, నాతవరంలో ఇరుగుపొరుగు ఆడవాళ్ళనందరినీ పోగేసుకొని వచ్చేసరికి సభ ముగిసింది. ఈరోజు మాత్రం బస్సులో దారి పొడుగునా మొగుణ్ణి సాధించింది.

“అరవై దాటినాయి. దగ్గుతన్నావు. దేవుడు పిలుస్తంటే రేపు రేపంటావేటి? తలుపు మూసీసినాక తడితే ఎవులు తీస్తారు?”

“అది కాదే...”

“నీ సాకులు నాకొద్దు!”

బస్సంతా నవ్వింది. సింగన్న కూడా నవ్వేశాడు.

“ఏటి మామ్మా, ఎత్తినాడా?” ఓణీ చాటునుంచి కొండలమ్మ అడిగింది.

“ఎత్తడం కూడానా! సేతులు కట్టీసుకొని రాయిలా కూకున్నాడు మీ తాత. ఇంకెప్పుడెత్తుతాడే? పాడె మీంచా?”

“మెల్లగా మామ్మా!”

మైకు గుయ్యిమంది. అయ్యగారు ఇంకేదో అడుగుతున్నారు. ముక్కు చీదుకుని మళ్ళీ అటు చూసిన రాజులమ్మ మనవరాలి జబ్బ మీద ఒక్క చరుపు చరిచింది.

“ఎత్తీసినాడే! ఒలే, ఎత్తీసినాడు!”

పందిట్లో సగం మంది కళ్ళు తెరిచారు. కొండలమ్మకి భూమిలోకి పోవాలనిపించింది, కానీ నవ్వు ఆగలేదు. ఆమెన్ అనగానే రాజులమ్మ తాడు కింద నుంచి దూరి, సింగన్న చొక్కా పట్టుకుని, పేర్లు రాసుకునే బల్ల దగ్గరికి లాక్కుపోయింది.

“రాయండయ్యగారూ, బేగి రాయండి! ఈ మనిసి మనసు మారిపోద్ది!”

అయ్యగారు పుస్తకం మొదటి పేజీ తిప్పి చూపించారు.

“సింగన్న గారి పేరు మొదటిరోజే రాసుకున్నానమ్మా.”

రాజులమ్మ నోరు తెరిచింది. సింగన్న తన కాలి బొటనవేలు చూసుకుంటున్నాడు.

“మరి ఇయాల సెయ్యెందుకెత్తినాడు?”

అయ్యగారు కొత్త పేజీ తీసి, కలం మూత విప్పారు.

“ఇంట్లో ఇంకా రక్షణకి రానివాళ్ళుంటే ఎత్తమన్నానమ్మా.”