ఆరువందల డిగ్రీలు

“మళ్లీ కొట్టు,” అన్నాడు ఆఫీసరు.

కొలిమిలో కాగుతున్న టైటానియం కడ్డీని ఆమె చిన్న సుత్తితో తట్టింది. ఆరువందల డిగ్రీల దగ్గర మోత బాగా దిగిపోయింది. మోతను బట్టి బిగువు, బిగువును బట్టి బలం. ఇరవయ్యేళ్లుగా ఆమె లెక్క తప్పలేదు.

“ఈ లోహం వేడికి ఆగదు సార్. ఇంజన్ లోపలి రెక్కలు తెగిపోతాయి. విమానాన్ని లేపొద్దు.”

“మోత విని విమానం ఆపమంటావా? అందులో మీ తమ్ముడున్నాడనేగా ఈ గోలంతా!”

ఆమె సుత్తి పక్కన పెట్టింది. ఆ ఇంజన్‌తో మొదటిసారి ఎగరబోయేది వాడే. అమ్మ పోయాక వాణ్ని చంకనేసుకుని పెంచింది తనే.

“గంట టైముంది. ఒక కడ్డీ తెంపి చూపించు. బలం తక్కువైతే నేనే ఆపేస్తా.”

పక్కగదిలో కడ్డీలను లాగి తెంపే యంత్రం ఉంది. దాన్ని నడిపే మనిషి సెలవులో ఉన్నాడు. ఆమే కొత్త కడ్డీ బిగించింది. చుట్టూ చిన్న కొలిమి మూసి, వేడి ఆరువందలకు పెట్టింది. ఇంతలో ఫోన్ మోగింది.

“అక్కా, ఎక్కనా?”

“ఉండరా! కడ్డీ తెంపి చూస్తున్నా. నేను చెప్పకుండా ఎక్కావంటే కాళ్లు విరగ్గొడతా.”

“కాళ్లో, కడ్డీయో, ఏదో ఒకటి తొందరగా విరగ్గొట్టవే!”

“ఇంకెంతసేపు?” గుమ్మంలోంచి ఆఫీసరు కేక.

ఆమె కొలిమి తెర వంక చూసింది. ఆరువందలు. మీట నొక్కింది.

యంత్రం లాగింది. కడ్డీ తెగలేదు. ఇంకా లాగింది. ఉండాల్సిన బలాన్ని దాటాక గానీ ఠప్పుమని తెగలేదు.

ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. తన లెక్క తప్పితే ఇంత హాయిగా ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు.

“వెళ్లిరారా! నాదే తప్పు,” అని ఫోన్‌లో అరిచింది.

ఆఫీసరు కొలిమి తెరిచి ముక్కలు రెండూ తీసుకున్నాడు. “ఇవి నా బల్ల మీద పెట్టుకుంటా. మోతలు వినేవాళ్లకు చూపించాలిగా!” అరచేతిలో ఎగరేసుకుంటూ వెళ్లిపోయాడు.

కిటికీలోంచి విమానం లేవడం చూసింది. వాడికి కనబడదని తెలిసీ, మబ్బుల్లో కలిసేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది.

తర్వాత కొలిమి ఆపడానికి వచ్చింది. తడిసిన కళ్లద్దాలు తుడుచుకుని తెర మీదికి వంగింది.

పైన పెద్దగా వెలుగుతున్న ఆరువందలు తను పెట్టిన అంకె. దాని కింద, చిన్న అక్షరాల్లో, కొలిమి లోపలి అసలు వేడి ఇరవై ఎనిమిది.