అంగడికో పట్టీ

1956 జనవరి, మొదటి ఆదివారం. మెట్‌పల్లి నేతగాళ్ల వాడ పఠనాలయానికి ఈ ఏడు చందాలెలా పోగుచేయాలో తేల్చడానికి దొర గడిలో కూర్చున్నాం.

చందా పట్టీలో మొదటి పేరు జగపతిరావు దొరది. ఆయన రాసినదానికంటే ఎవరూ ఎక్కువ రాయకూడదు. అది ఊరి ఆనవాయితీ. నిరుడు ఇరవై రూపాయలు రాసిన దొర ఈసారి ఒక్క చారాణ, అంటే పావలా రాసి, పట్టీ నా ముందుకు విసిరాడు.

“పేపర్లు చదివి కూలి పెంచమంటుండ్రు. ఇగ చదువుకోండ్రి!”

తలా చారాణతో ఏడాది గడవదు. పఠనాలయానికి తాళమే అనుకున్నాను, కార్యదర్శినై ఉండి కూడా.

కండెలు చుట్టే శంకరవ్వ లేచి పట్టీ అందుకుంది.

“చారాణ దాటం దొరా. గని ఏడాదికి ఒక్కటే పట్టీ అని ఎవలన్నరు? వారం వారం అంగడినాడు కొత్త పట్టీ తీస్తం. ఇంటికో చారాణ.”

“తీసుకోండ్రి. నాకేంది?”

“మొదటి పేరు మీదే కద! వాడ వాడంతా వచ్చి గడి ముందల నిలబడుతం. మీరు రాసినంకనే మేం రాసుడు.”

దొర ముఖం మాడిపోయింది. “పట్టీ ఇటియ్యి. ఇరవై రాస్త.”

శంకరవ్వ దాన్ని మడిచి కొంగున ముడేసుకుంది.

“రాసింది దిద్దుకునుడు దొరలకు మర్యాద కాదు. అంగడినాడు వస్తం, కలం తీసి పెట్టుండ్రి.”