రైలుపెట్టె బొమ్మ

"ఇది మన సోనాపూర్ క్యాంపు బస్సే గద తమ్మీ," అన్నాడు ఫోర్‌మన్ దయాకర్.

దుబాయ్‌లోని అల్ ఖూజ్ వర్క్‌షాపులో పర్శరాములు ఫ్రేము కడుతున్నది పాతకాలపు ఫ్రెంచి వ్యంగ్యచిత్రం. రైలుపెట్టెలో జనం ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు. ఒకావిడ బుట్టలోని బాతు పక్కాయన టోపీ పీకుతోంది.

"గీ నలిగేటోడు నువ్వు. నీ మోచెయ్యి కింద ఉన్నోణ్ణి నేను," అన్నాడు దయాకర్ బొమ్మలో చూపిస్తూ.

ఇద్దరూ నవ్వుకుంటుండగా మేనేజరు మూర్తి వచ్చాడు. ఆ నవ్వు ధైర్యంతోనే పర్శరాములు అడిగేశాడు.

"సార్, రెండో బస్సు ఎప్పుడిస్తరు? మా దయన్న మీకు చెప్పిండంట గద."

"చెప్పాడా? పోయిన నెల నేనే ఇస్తానన్నానయ్యా. అక్కర్లేదు సార్, మావాళ్లకి ఇరుకు అలవాటే అన్నాడు."

దయాకర్ స్క్రూల డబ్బాలో ఏదో వెతకసాగాడు. సొంత ఊరివాడు, పర్శరాములును వేలు పట్టుకుని దుబాయ్ తెచ్చినవాడు. ఫోర్‌మన్ అయినప్పటినుంచి బస్సులో డ్రైవరు పక్క సీటు ఆయనదే.

మూర్తి వెళ్లిపోయాడు.

"అరే, నా మాట ఇను తమ్మీ," అన్నాడు దయాకర్ మెల్లగా.

పర్శరాములు అద్దం తుడిచి, బొమ్మలోని ముఖాలన్నిటి మీదా వేలు పోనిచ్చాడు.

"మనోళ్లందరున్నరన్నా," అన్నాడు. "నువ్వే లేవు."